మెరకతోట రసం పొంగని ఏడాది

మా అన్నయ్య ద్రాక్షతోటలో ఒక ఏడాది వైను చెడిపోయింది. నా వల్లే చెడిందని ఊరు ఊరంతా అనుకుంది. ఊరి సంగతి అలా ఉంచండి, నేనూ అనుకున్నాను. రెండేళ్ళు అలా అనుకుంటూనే వండాను, తిన్నాను, పడుకున్నాను. అసలు కారణం తెలిసిన మనిషి ఆ రెండేళ్ళూ రోజూ సాయంత్రం నా ఎదురుగా కూచుని నేను పెట్టిన టీ తాగేవాడు. ఆయన నా తోడబుట్టినవాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా పొలం గరివిడికి నాలుగు మైళ్ళు ఉంటుంది. మా ఆయనకి గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం. నేను అక్కడే ఒక చిన్న బళ్ళో సైన్సు చెప్పేదాన్ని. పొలం రెండు ముక్కలు. మా వైపు గెడ్డ అనే వాగు పక్కన పల్లంలో ఒక ముక్క, దాని పైన మెరక మీద ఇంకో ముక్క. మా తాత బతికున్న రోజుల్లో పల్లంలో తమలపాకు తోట ఉండేది. మెరకంతా ఎర్ర గరువు నేల, గోగు వేస్తే గోగు, ఉలవ వేస్తే ఉలవ, అంతకు మించి ఆ నేలని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మట్టిలో నల్లటి మాంగనీసు రాళ్ళు దొరికేవి. చిన్నప్పుడు వాటిని ఏరి గౌను జేబులో వేసుకుంటే బరువుకి జేబు చిరిగి, అమ్మ చేత తన్నులు తినేదాన్ని.

అన్నయ్య చాలా ఏళ్ళు మహారాష్ట్ర ద్రాక్షతోటల్లో సూపర్‌వైజరుగా పనిచేశాడు. తిరిగొచ్చేటప్పుడు తడి గోనెలో చుట్టిన ద్రాక్ష కొమ్మల కట్టతో విజయనగరం స్టేషన్‌లో దిగాడు. ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. "ఏటి బావా, జీడిమొక్కలు ఏసుకోక ఈ పందిళ్ళేటి? పెళ్ళి సేత్తన్నావా?" అని అడిగేవారు. ముందు పల్లంలో నాటాడు. అక్కడ బతికాక మెరక మీద నాటాడు. మెరక మీద ఏమీ రాదని అందరూ చెప్పారు కాబట్టే నాటాడని నా అనుమానం. మా ఇంట్లో మొండితనానికి ఎప్పుడూ కొదవ లేదు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి తెచ్చుకున్నాడు. షెడ్డు వేసి, స్టీలు ట్యాంకులు దింపించి, అప్పుడు నా దగ్గరికొచ్చాడు.

"సెల్లీ, నువ్వు సదువుకున్నదానివి, నీ నాలిక మంచిది. మన అమ్మ పులుసులో ఉప్పు రవ్వంత తగ్గినా నువ్వే పట్టేసేదానివి. ఈ వైను నువ్వు సూసుకో. నాను తోట సూసుకుంతాను," అన్నాడు.

ఆ మాట మీద బడి మానేశాను. అంతవరకూ నన్ను ఎవరూ అలా పిలిచి పని అప్పజెప్పలేదు. మా ఆయన "సారా కాయడానికి డిగ్రీ చదివావా" అని ఎగతాళి చేశాడు గానీ అడ్డుచెప్పలేదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నదంతా నేలే నేర్పింది. ఒకే కొమ్మ నుంచి వచ్చిన తీగలు, ఒకే నీళ్ళు, ఒకే చేతులు. అయినా పల్లంలో పండు బొద్దుగా, నీరు పట్టి ఉండేది. దాని వైను తేలిగ్గా, షర్బత్తులా గొంతులోకి జారిపోయి, మరుక్షణం ఏం తాగామో గుర్తుండేది కాదు. మెరక మీద పండు చిన్నది, తొక్క మందం, రంగు సిరా. దాని వైను మొదట నాలుకని పట్టుకునేది, వగరుగా. తర్వాత కొత్తకుండలో పోసిన మొదటి నీళ్ళ వాసన వచ్చేది. మింగాక కూడా చాలాసేపు నోట్లో ఉండేది. రెంటినీ కలపకుండా వేరు వేరు సీసాల్లో పట్టేవాళ్ళం. విశాఖపట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్ళు పల్లం వైను ఒక గుక్క తాగి తల ఊపేవాళ్ళు. మెరక వైను తాగి మాట్లాడ్డం మానేసేవాళ్ళు.

ఎరువు దగ్గర కూడా అంతే. ఒక ఏడాది మెరక మీద గొర్రెల మంద కట్టించాం. తీగ ఎడాపెడా ఆకు వేసి పండుని మర్చిపోయింది. ఆ ఏటి వైను ఒళ్ళు పెంచుకుని బద్ధకించింది. పై ఏడు మంద మాని, వరసల మధ్య ఉలవ చల్లి, పూత మీద ఉండగానే దున్నేశాం. వైను మళ్ళీ దారిలో పడింది. జీవామృతం నేనే కలిపేదాన్ని. బూజు వస్తుందన్న అనుమానం ఉంటే పుల్ల మజ్జిగ, పది రకాల ఆకులు నానబెట్టిన దశపర్ణి కషాయం. మరీ అయితే మైలుతుత్తం సున్నంలో కలిపి పల్చగా కొట్టడం. అంతకు మించి తోటలోకి మందు డబ్బా రాకూడదని పెట్టిన కట్టుబాటు అన్నయ్యదే. గేటు మీద బోర్డు కూడా ఆయనే రాయించాడు, "మందు చుక్క పడని తోట" అని.

ఆ కట్టుబాటుకి అసలు కారణం షెడ్డులో ఉంది. పండు మీద తెల్లగా ఒక పొర ఉంటుంది, చూపుడువేలితో రుద్దితే పోతుంది. రసాన్ని పులియబెట్టేది ఆ పొరలో బతికే ఈస్టే. అందరూ పొట్లాల్లో కొన్న ఈస్టు వేస్తారు, మేం వేసేవాళ్ళం కాదు. "మన నేల పండు మన నేలే పులియబెట్టుకుంతాది, కొన్న పొడి ఎందికి?" అనేవాడు అన్నయ్య. నిజంగానే, నలిపి ట్యాంకులో పోసిన మూడో రోజుకి లోపల కదలిక మొదలయ్యేది. చెవి ఆనిస్తే పప్పు ఉడుకుతున్న చప్పుడు. తొక్కలన్నీ పైకి తేలి తెట్టు కట్టేవి. దాన్ని రోజుకి నాలుగుసార్లు తెడ్డుతో కిందకి తొక్కాలి. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేదాన్ని కాదు.

ఇక తోటకి ఇంకో కట్టుబాటు ఉంది. అది ద్రాక్షతో రాలేదు, తాత తమలపాకు తోట నుంచి వచ్చింది. నెలసరిలో ఉన్న ఆడది తమలపాకు తోటలో అడుగు పెట్టకూడదు, పెడితే తీగ మాడిపోతుంది. మా నాయనమ్మ ఆ నాలుగు రోజులూ గెడ్డకి నీళ్ళకి కూడా చుట్టు తిరిగి వెళ్ళేదట. తమలపాకు తోట పోయి ఎన్నో ఏళ్ళయింది, కట్టుబాటు మాత్రం నేల పట్టుకుని ఉండిపోయింది. ద్రాక్ష పందిళ్ళు లేవగానే అది వాటి మీదికి పాకింది. అన్నయ్య మొదట్లోనే మొహమాటంగా చెప్పాడు, "ఆ టయాన లోపలికి రాకు సెల్లీ, పెద్దోళ్ళ మాట, మనకేటి పోయింది" అని. బళ్ళో పిల్లలకి గర్భాశయం బొమ్మ గీసి పాఠం చెప్పినదాన్ని, నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే పాటించాను. ఆ నాలుగు రోజులూ షెడ్డులో సీసాలు కడుక్కునేదాన్ని. గొడవ దేనికని.

ఆ ఏడాది జనవరిలో మా ఆయనకి కంటి ఆపరేషను. పది రోజులు విశాఖపట్నంలో ఉండిపోయాను. అప్పుడే అకాల వాన పడింది. నేను రోజూ ఫోను చేసి బూజు పట్టిందా అని అడిగేదాన్ని. "ఏటీ లేదు, నీ కషాయం కొట్టించినాను, నువ్వు బావని సూసుకో," అనేవాడు. తిరిగొచ్చి చూస్తే మెరక మీద గుత్తులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నా కషాయం ఇంత బాగా పనిచేసిందా అని నేను మురిసిపోయిన మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలకి కోత. పండు కొరికి, గింజ నమిలి చూసి రోజు చెప్పేది నేనే. గింజ పచ్చిగా ఉంటే నోరంతా చేదెక్కుతుంది. పండితే వేయించిన పల్లీలా టక్కున విరుగుతుంది. నేను చెప్పిన రోజు పొద్దున్నే మళ్ళీ మబ్బు పట్టింది. కూలీలు సగం మందే వచ్చారు. పల్లం ముందు రోజే కోసేశాం, మెరక అంతా మిగిలి ఉంది. వాన పడితే పండు పగిలి కుళ్ళిపోతుంది. నాకు ముందు రోజే నెలసరి మొదలైంది.

ఆలోచించలేదు. కత్తెర పట్టుకుని మెరక మీదకి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా కోశాను. వాన పడే లోపల చివరి బుట్ట షెడ్డులోకి చేరింది. ఆ సంతోషంలో అన్నయ్యతో నేనే చెప్పాను. నన్ను ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. దాచుకుంటే దాగేది. కానీ ఆయన నమ్మకం ఆయనది, ఆయన తోటలో ఆయనకి తెలియకుండా ఉండకూడదని చెప్పాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "పర్లేదులే. ఎవులికీ సెప్పకు," అన్నాడు. అన్నయ్య మంచితనానికి నా కళ్ళు చెమర్చాయి.

మూడో రోజు పల్లం ట్యాంకు లేచింది. మెరక ట్యాంకు లేవలేదు. చెవి ఆనించాను. ఏ చప్పుడూ లేదు. నాలుగో రోజు లేదు, ఐదో రోజు లేదు. చల్లగా ఉందేమోనని ట్యాంకు చుట్టూ గోనెలు కట్టాను, వాటి మీద వేడినీళ్ళు పోయించాను. ఆఖరికి పల్లం ట్యాంకు నుంచి పొంగుతున్న రసం బిందెడు తెచ్చి ఇందులో పోశాను, పాలల్లో తోడు వేసినట్టు. ఒక పూట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి.

అక్కడే తెలుసుకోవాలి నేను. బతికున్న ఈస్టు తెచ్చి పోస్తే చచ్చిపోయిందంటే లోపల దాన్ని చంపేది ఏదో ఉందని ఏడో తరగతి పిల్ల కూడా చెబుతుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సైన్సు చెప్పిన నాకు ఆ సంగతి తట్టలేదు. నాకు అప్పటికే వేరే కారణం దొరికింది. ట్యాంకు ముందు తెడ్డు పట్టుకు నిలబడి, "నా వల్లేనా అన్నియ్యా?" అని అడిగాను. అడిగినప్పుడు ఆయన కాదంటాడనే అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఏమో సెల్లీ. పెద్దోళ్ళు ఊరికే అంతారా," అన్నాడు.

వారం తిరిగేసరికి రసం పైన ఒక వాసన, లోపల ఒక వాసన. కుళ్ళి జిగురులా సాగింది. ట్యాంకు కింద కుళాయి తిప్పి రసమంతా గోతిలోకి వదిలాం. మెరక మీద ఒక ఏడు పండినదంతా గంటలో పోయింది. ఆ పక్కనే వదిన నిలబడి, కూలీల ముందే, "ఆ టయాన లోపలికి ఎల్లకపోతే ఏటి పోయేది? సదువుకున్నోళ్ళకి మనం సెప్పగలమేటి," అంది. ఎవరికీ చెప్పొద్దన్న మనిషి ఇంట్లో చెప్పాడన్నమాట. అన్నయ్య గోతిలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను తల వంచుకున్నాను. నేను జీవితంలో ఎక్కడా తల వంచింది లేదు, అత్తవారింట్లో కూడా.

సాయంత్రానికి మెరకంతా పసుపు నీళ్ళు చల్లించారు. రెండు రోజుల్లో గరివిడి బజారులో మా ఆయన్ని కూడా ఎవరో అడిగారు. ఆయన ఇంటికొచ్చి, "నువ్వు ఇవన్నీ నమ్ముతావా?" అన్నాడు. నమ్మనని చెప్పబోయి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కళ్ళ ముందు ట్యాంకు పొంగలేదు కదా.

ఆ తర్వాత తోటలో అడుగు పెట్టలేదు, ఏ రోజూ. ఆ నాలుగు రోజులే కాదు, మొత్తానికే మానేశాను. గేటు బయట నిలబడితే పళ్ళు గిన్నెలో తెచ్చి ఇచ్చేవారు, కొరికి రోజు చెప్పేదాన్ని. పై ఏడాది మెరక రసం మూడో రోజుకే పొంగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను వెళ్ళలేదు కాబట్టే పొంగిందని నాకు ఋజువైపోయింది. ఆ వైను అంతకు ముందు వాటన్నిటికంటే బాగుంది. నోట్లో పెట్టుకుంటే మింగుడుపడలేదు.

ఇంకో పని కూడా నాకు అప్పజెప్పారు. అది చెప్పకుండా దాటేద్దామని చాలాసార్లు అనుకున్నాను. తోటలోకి వచ్చే ఆడకూలీలని గేటు దగ్గర అడగాలి, బయట ఉన్నారా, అంటే నెలసరిలో ఉన్నారా అని. మగవాళ్ళు అడిగితే బాగోదు కాబట్టి నేను అడగాలి. "నీకైతే ఆ నష్టం తెలుసు కాద," అన్నాడు అన్నయ్య. పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందంటారు. నేను బాగా కొరికాను. నా వల్ల ఒకసారి జరిగింది, ఇంకోసారి జరగకూడదని పట్టుదల. కొమ్మ కత్తిరింపులకీ, కలుపుకీ, కోతకీ, పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూచుని ఒక్కొక్కర్నీ అడిగేదాన్ని. ఉన్నానన్నవాళ్ళు ఆ రోజు కూలి పోగొట్టుకుని వెనక్కి వెళ్ళేవాళ్ళు. కొందరు అబద్ధం చెబుతున్నారని అనుమానం వస్తే రెండోసారి అడిగేదాన్ని.

ఆ జట్టుకి పెద్ద ఒకామె ఉండేది. నలభై ఏళ్ళ మనిషి, చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. నన్ను అప్పా అని పిలిచేది, మా వైపు అక్కకి ఆ మాటే. నేను తోటలోకి వెళ్ళే రోజుల్లో ఇద్దరం ఒకే వరసలో చెరో పక్కా కోసేవాళ్ళం. ఆమె తెచ్చుకున్న అంబలి నాకు పోసేది. గేటు పని మొదలయ్యాక ఆమె నా దగ్గర ఆగకుండానే "లేను" అని గాలికి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేది.

ఆ తర్వాతి ఏడు కోతకి మొదటి రోజు. ఆమె గేటు దగ్గరికి రాగానే నేను అలవాటుగా అడిగాను. ఆమె ఆగింది. వెనక పదిమంది ఆడవాళ్ళు ఆగారు.

"ఉన్నాను," అంది. "ఇయాల ఉన్నాను. ఏటి సేస్తావు?"

"ఇంటికెళ్ళు. ఎల్లుండి రా," అన్నాను.

"ఎల్లను. మందు కొట్టినప్పుడు మైల లేదు గాని, నానడుగెడితే మైలా? పండు మీద ఇసం కొట్టినోడిని అడగవేటి? ఆడదాన్ని కాబట్టి నన్నడుగుతావా?"

"ఏ మందు?" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తెల్దేటి నీకు? మీ ఆయన కళ్ళాపరేసనప్పుడు. మెరకంతా బూజు పట్టీసినాది. మీ అన్న డబ్బాలు తెచ్చి మూడు దినాలు కొట్టినాడు, మిసన్ ఈపునేసుకోని. గెడ్డ నుంచి నీళ్ళు మోసినది నాను. 'అప్పకి సెప్పకండి, ఆసపత్రిలో ఉన్నాది, గాబరా పడతాది' అన్నాడు. నువ్వొచ్చినాక సెప్పీసుంటాడనుకున్నాను."

"పల్లంలోనూ కొట్టాడా?"

"లేదు. పల్లం పోతే పోనాదన్నాడు. మెరక పోతే మాత్రం ఏటీ మిగల్దన్నాడు."

కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. నాకు పల్లం ట్యాంకు ఎందుకు లేచిందో, మెరక ట్యాంకు ఎందుకు లేవలేదో, నేను పోసిన బిందెడు రసం ఎందుకు చచ్చిందో, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. బూజుని చంపే మందు ఈస్టునీ చంపుతుంది. మేం మెరకని ఎంతో ప్రేమగా చూసుకున్నాం కాబట్టే దాని మీద మందు పడింది.

అన్నయ్య షెడ్డులో పళ్ళు నలిపే మిషన్ కడుగుతున్నాడు. రెండేళ్ళ తర్వాత తోట అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన పైపు కట్టేశాడు.

"మెరక మీద మందు కొట్టినావా?" అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు.

కొట్టని మనిషి అలా అడగడు. "నాను ఇశాపట్నంలో ఉన్నప్పుడు," అన్నాను. కోపమొస్తే నా నోట్లోంచి కూడా మా అమ్మ భాషే వస్తుంది.

మిషన్ చక్రం తుడవడం మొదలెట్టాడు. "కొట్టినాను. గుత్తులకి తెల్లగా పట్టీసినాది. నీ మజ్జిగలికీ కషాయాలికీ లొంగలేదు. ఏటి సెయ్యమంతావు, సూస్తా కూకోమంతావా?"

"కొట్టినందుకు కాదు అడుగుతన్నది. రసం పొంగనిది ఆ మందు వల్లేనని నీకు ఎప్పుడు తెలిసినాది?"

"ఎప్పుడో తెలిసినాది."

"ఎప్పుడు?"

"మూడో దినమే," అన్నాడు. "అక్కడి తోటల్లో సూసినాను కాద ఇలాటివి."

మూడో రోజే. నేను గోనెలు కట్టినప్పుడు తెలుసు. వేడినీళ్ళు పోయించినప్పుడు తెలుసు. తెడ్డు పట్టుకుని నా వల్లేనా అని అడిగినప్పుడు తెలుసు. పసుపు నీళ్ళు చల్లించినప్పుడూ, నాకు గేటు అప్పజెప్పినప్పుడూ తెలుసు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను దొంగ ఉన్నాడని కూడా అనుకోలేదు, నన్ను నేనే పట్టుకుని కట్టేసుకున్నాను.

"మరి నామీద పడ్డప్పుడు నోరు మూసుకున్నావేటి అన్నియ్యా?"

ఆయన తలెత్తాడు. ఆయన మొహంలో సిగ్గు ఉంటుందేమోనని వెతికాను. విసుగు ఉంది, అంతే.

"గేటు మీద బోర్డు ఉన్నాది కాద. పట్నమోళ్ళకి తెలిస్తే తోట పేరు పోద్ది. తోట పేరు ఒకసారి పోతే మల్లొస్తాదా? నీదేటుంది సెల్లీ, నాలుగు రోజులు అనుకుంతారు, ఒగ్గీస్తారు. ఇంట్లో మనిషివి, సర్దుకుంటావనుకున్నాను. నువ్వే వొచ్చి సెప్పినావు కాద లోపలికొచ్చినానని. నాను కల్పించినానేటి?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, నేను నిజాయితీగా చెప్పిన మాటే ఆయనకి పనికొచ్చింది. అది నేను చెప్పకపోయుంటే ఆయన ఏం చేసేవాడో తెలియదు. వేరే ఎవర్నో చూసుకునేవాడేమో. నన్ను చెల్లెలిగా కాదు, చేతికి దగ్గరగా ఉన్న గుడ్డముక్కలా వాడుకున్నాడు. తుడుచుకుని పక్కన పడేశాడు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. అరుపులకి వదిన పరుగెత్తుకొచ్చింది. ఆమెకీ అప్పుడే తెలిసిందని మొహం చూస్తే అర్థమైంది. అయినా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

షెడ్డులోంచి నేరుగా గేటు దగ్గరికి వచ్చాను. ఆడవాళ్ళందరూ అలాగే నిలబడి ఉన్నారు. గేటు రెండు రెక్కలూ తెరిచాను.

"ఇక ఎవర్నీ ఏమీ అడగను, రండి," అన్నాను. "నా తప్పేం లేదట. మా అన్నయ్య మందు కొట్టి నామీద పెట్టాడు. రెండేళ్ళు నన్ను మోసం చేశాడు." అంటుంటే ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ళు దగ్గరికి వస్తారని, ఆమె నా భుజం మీద చెయ్యి వేస్తుందని అనుకున్నాను.

ఆమె కదల్లేదు. "మీ అన్న నిన్ను మోసం సేసినాడు, అవును. నీకు తెల్దు పాపం," అంది. "మరి మమ్మల్ని అడిగినప్పుడు నీకేటి తెల్దు అప్పా? నువ్వూ ఆడదానివేనని తెల్దా? మా తోటికోడల్ని ఈ గేటు కాడే రెండుసార్లు అడిగినావు, ట్రాక్టరు కాడ మొగోళ్ళందరూ సూస్తంటే. ఆ పిల్ల ఇంటికొచ్చి తలుపేసుకున్నాది. మల్ల ఏ పనికీ రానన్నాది. అది మీ అన్న సెయ్యలేదు."

బుట్ట తీసుకుని వెనక్కి తిరిగింది. మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆమె వెంట వెళ్ళారు. కోత ఆ రోజు జరగలేదు, మర్నాడూ జరగలేదు. తర్వాత అన్నయ్య వేరే ఊరి నుంచి కూలీల్ని తెచ్చుకున్నాడని విన్నాను. నేను మళ్ళీ ఆ షెడ్డుకి వెళ్ళలేదు. మెరక వైను ఇప్పటికీ విశాఖపట్నం వెళుతూనే ఉంది, బోర్డు గేటు మీద అలాగే ఉంది.

అన్నయ్య నాతో అన్న మాటలు ఒక్కటి కూడా పొల్లు పోకుండా గుర్తున్నాయి, ఇప్పుడు ఇక్కడ రాశాను కూడా. ఆ తోటికోడలి ఇంటికి వెళ్ళి క్షమించమని అడగాలని చాలాసార్లు బయల్దేరాను. ప్రతిసారీ వీధి మొగ దాకా వెళ్ళి ఆగిపోతాను. ఆ జట్టులో చిన్నవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. వాళ్ళలో నేను రెండుసార్లు అడిగింది ఎవర్నో నాకు గుర్తు లేదు.